డైనీన్ పాదాలకు

కనులకు కానరాని కాళ్ళదానా, కణం కడుపులో కొండంత బరువును కదిపిన కష్టజీవీ, డైనీన్ అనే ప్రొటీనా! బుద్ధిని పొగిడినవాళ్ళు వేనవేలు. మనసుకు మొక్కినవాళ్ళు కోటానుకోట్లు. ఆ బుద్ధికీ ఆ మనసుకూ చోటు చూపడానికి చీకట్లో నడుం వంచి లాగినదానివి నువ్వు. నీకు హారతి పట్టిన చెయ్యి ఒక్కటీ లేదు.

అమ్మ కడుపులో బిడ్డ మెదడుకింకా వెలుగు తెలీదు, పలుకు తెలీదు. లోపలి అంచున పుట్టిన నాడీకణం రేడియల్ గ్లియా దారం పట్టుకుని పైకి పాకాలి. ముందు ఒక పాయ చాస్తుంది, తడుముతుంది, తచ్చాడుతుంది. ఆ పాయలోకి సెంట్రోసోమ్ జరుగుతుంది. అక్కణ్ణుంచి సూక్ష్మనాళికలు వెనక్కి సాగి కేంద్రకం చుట్టూ అల్లుకుంటాయి. అవే పగ్గాలు, కేంద్రకమే తేరు. నెస్ప్రిన్, సన్ అనే ప్రొటీన్ల కొక్కేలతో కేంద్రకపు పొరకు నిన్ను నువ్వు తగిలించుకుని నడక మొదలెడతావు. లాగుతావు, ఆగుతావు, మళ్ళీ లాగుతావు. ఊరి తేరూ అంతేగా! ఎంత గుంజినా కదలదు, కదిలిందంటే ఒక్క ఊపున నాలుగు బారలు. వెనక మయోసిన్ దన్ను పడుతుంది, ముందు నువ్వు ఊపిరి బిగబడతావు, కేంద్రకం సాగి, సన్నబడి, ఇరుకు దాటి జారుతుంది. ముందు పుట్టిన కణాలు అడుగున ఆగుతాయి. వెనక పుట్టినవి వాటిని ఒరుసుకుంటూ దాటిపోయి పైన నిలుస్తాయి. అలా పొర మీద పొర, ఆరు పొరల మెదడు!

నీలాగే సూక్ష్మనాళికల మీద నడిచే కైనెసిన్ నడక అందరికీ ముద్దు. 1985లో స్క్విడ్ నాడీతంతువు చూపించిన ఆ సుకుమారిది 8 నానోమీటర్లకో అడుగు, అడుగుకో ఏటీపీ ఇంధనం, తప్పని తాళం. నీదలా కాదు. ఓసారి చిన్నడుగు, ఓసారి పెద్ద అంగ, ఓసారి పక్కకో ఒరుగు, ఓసారి వెనక్కే ఒక అడుగు. చాదస్తమనుకోండి, నాకా తూలే నడకే ఇష్టం. నాడీకణాలను కనే తల్లికణంలో మీ ఇద్దరి ఆటే చూడాలి! కైనెసిన్ల ఇంటి ఆడపడుచు కిఫ్1ఏ కేంద్రకాన్ని పైకి తీసుకుపోతుంది, నువ్వు కిందికి దింపుకొస్తావు. నువ్వు దింపాకే ఆ కణం రెండవుతుంది.

బరువు మీద పడి పట్టు జారబోయే వేళ నిన్ను నిలబెట్టే తోడొకటుంది, దాని పేరు లిస్1. దాని జన్యువు 1993లో మనిషి కంటపడింది. కంటపడింది కూడా ఒక కన్నీటి దారిలోనే. రెండు ప్రతుల్లో ఒకటి చెడితే చాలు, కేంద్రకాలు దారి మధ్యలో నిలిచిపోతాయి. మడతలు మడతలుగా ముడుచుకోవాల్సిన మెదడు నున్నగా మిగిలిపోతుంది. లిసెన్సెఫలీ అంటారు వైద్యులు. మూర్ఛలతో మెలికలు తిరిగే ఆ పసివాళ్ళను ఒళ్ళో పొదువుకున్న తల్లులను తలవకుండా నిన్నెలా పొగడను? నీ అడుగు విలువ నాకన్నా వాళ్ళకే తెలుసు.

కేంద్రకం కుదురుకుంది. తేరు నిలిచింది. నీకు మాత్రం సెలవేదీ? కాలిని కదిపే నాడీకణంలో, కండరం దగ్గరి నాడీతంతువు చివర్నుంచి వెన్నులోని కణదేహం దాకా దాదాపు మీటరు దూరం. 8 నానోమీటర్ల అడుగుల్లో లెక్కేస్తే పన్నెండున్నర కోట్లు! ఒకరు దిగితే ఒకరు ఎక్కుతూ, తూలుతూ, వెనకడుగేస్తూ, మళ్ళీ సాగుతూ, ఆ చివర అరిగినవన్నీ అందిన కబుర్లన్నీ ఆ కణం కేంద్రకం దగ్గరికే మోసుకొస్తున్నావు.