అప్పడాల కర్ర చప్పుడు

బొలోన్యాలో నా మొదటి రాత్రి భోజనం నేనే చెడగొట్టుకున్నాను. రైలు దిగేసరికి ఎనిమిది దాటింది. ఆకలి మీదున్నవాడి కళ్లు దీపాలు ఎక్కువున్న వైపే పోతాయి. ఊరి నడిబొడ్డున, జనం రద్దీగా తిరిగే చోట ఒక హోటలు. ఆరు భాషల్లో మెనూ, ప్రతి వంటకం పక్కన ఫొటో, గుమ్మంలో నిలబడి చెయ్యి పట్టుకు లాగినంత పని చేసే మనిషి. లోపలికి వెళ్లి 'స్పగెట్టి బొలోనీస్' అడిగాను. ఊరు బొలోన్యా కాబట్టి ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుందని నా ధీమా. వచ్చింది. ఉడికి ఉడికి చచ్చిన స్పగెట్టి, దాని నెత్తిన ఎర్రటి ముద్ద. కలుపుతుంటే కూర పళ్లెం అడుక్కి జారిపోతోంది, స్పగెట్టి బోడిగా పైన మిగులుతోంది.

మర్నాడు బసలో ఇంటి పెద్దావిడకు ఈ సంగతి చెబితే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఎవరో పోయారని విన్నట్టు చూసింది.

ఆ తర్వాత ఆ ఊళ్లో ఉన్న వారం రోజుల్లో నాకు తెలిసొచ్చింది ఒకటే. అక్కడ రాత్రి తినబోయే భోజనాన్ని పొద్దున్నే వెతుక్కోవాలి. రాత్రి దీపాల వెలుగులో అన్ని హోటళ్లూ ఒకేలా ఉంటాయి. పొద్దున ఎనిమిది, పదకొండు మధ్య మాత్రం ఏ వంటింట్లో చేత్తో పని జరుగుతోందో, ఏ వంటింటికి తయారు సరుకు సంచుల్లో వచ్చి పడుతోందో ఇట్టే తెలిసిపోతుంది.

పియాజ్జా మజ్జోరె అనే పెద్ద చౌకు పక్కన క్వద్రిలాతెరో అని పాత బజారు ఉంది. సందుల పేర్లు ఇప్పటికీ కులవృత్తుల జాబితాలా ఉంటాయి: పాత చేపలంగళ్ల వీధి, బట్టలవాళ్ల వీధి, కంసాలుల వీధి. ఆ ఇరుకులో నడుస్తుంటే పచ్చి పాస్తా అమ్మే కొట్ల అద్దాల వెనక ఆడవాళ్లు కనిపిస్తారు. నెత్తికి తెల్లటి గుడ్డ, మోచేతుల దాకా పిండి. కొన్నిచోట్ల అద్దం అడ్డున్నా చప్పుడు బయటికి వినిపిస్తుంది. చెక్కబల్ల మీద పొడవాటి కర్ర దొర్లే చప్పుడు, మధ్యమధ్యలో పిండిని తిప్పి వేసినప్పుడు తడిబట్ట పడ్డట్టు 'థప్' మని ఇంకో చప్పుడు. ఈ పని చేసేవాళ్లను అక్కడ స్ఫోలీనా అంటారు. వాళ్లు ఒత్తే రేకు పేరు స్ఫోల్యా. బొలోన్యా వంటంతా ఈ రేకు మీద నిలబడి ఉంది.

కొలత చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. వంద గ్రాముల మెత్తటి గోధుమపిండికి ఒక గుడ్డు. నీళ్లు లేవు, నూనె లేదు, ఉప్పు కూడా లేదు. ఎందుకిలా అంటే దానికి జవాబు పొలంలో ఉంది. ఉత్తరాన పో నది మైదానంలో పండేది మెత్తని గోధుమ. మన మైదాకు దగ్గర. దానికి కండ తక్కువ, ఒట్టి నీళ్లతో కలిపి పలచగా లాగితే తెగుతుంది. గుడ్డు ఆ లోటు తీరుస్తుంది. దక్షిణాన పూల్యాలో, సిసిలీలో పండేది దురుం గోధుమ, గట్టిది. దాని రవ్వను నీళ్లతో కలిపి, అచ్చుల్లో ఒత్తి, ఎండబెట్టి ఏడాది దాచుకోవచ్చు. ఇటలీలో ఎండు పాస్తాను దురుం గోధుమతోనే చెయ్యాలని 1967లో చట్టమే చేశారు. స్పగెట్టి ఆ ఎండు కుటుంబానికి చెందింది. గుండ్రంగా, నున్నగా ఉంటుంది. మాంసం తునకలున్న చిక్కటి కూర దాని మీద నిలవదు. మొదటి రాత్రి నా పళ్లెంలో జరిగింది అదే.

స్ఫోల్యా ఒత్తడం చూస్తే తేలిక. పిండిని అరచేతి మడమతో పది పదిహేను నిమిషాలు మర్దిస్తారు, నొక్కితే మళ్లీ పైకి లేచేదాకా. ఆ పైన అరగంట కదపకుండా మూతపెట్టి ఉంచుతారు. పిండి సేదతీరకుండా ఒత్తితే వెనక్కి ముడుచుకుంటుంది, చపాతీలు చేసేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. అసలు పని అప్పుడు మొదలవుతుంది. కర్ర పిడుల్లేనిది, మన అప్పడాల కర్రకు రెండు మూడింతల పొడవు. రేకు పెద్దదవుతున్నకొద్దీ ఒక అంచు బల్ల మీంచి కిందికి వేలాడుతుంది. ఆ అంచును స్ఫోలీనా తన పొట్టతో బల్లకు అదిమి పట్టి, మిగతాది కర్రకు చుట్టి, చేతులను మధ్య నుంచి అంచులకు జరుపుతూ లాగుతుంది. నొక్కడం తక్కువ, లాగడం ఎక్కువ. యంత్రానికీ చేతికీ తేడా ఇక్కడే. ఉక్కు రోలర్ల మధ్య నలిగిన రేకు గాజులా నున్నగా వస్తుంది. చెక్క మీద చెక్కతో లాగిన రేకు కంటికి కనిపించనంత గరుకుగా ఉంటుంది. ఆ గరుకే కూరను పట్టుకుంటుంది. తొలిసారి ఈ మాట విన్నప్పుడు వంటవాళ్ల డంబం అనుకున్నాను. రెండూ పక్కపక్కన తిన్నాక ఒప్పుకున్నాను.

రేకు ఎంత పలచగా ఉండాలి? ఊరి బయట గుట్ట మీద సాన్ లూకా అనే మరియమ్మ గుడి ఉంది.  ఊళ్లోంచి 666 కమానుల పంచల వరస ఒకటి ఆ గుట్ట ఎక్కుతుంది. స్ఫోల్యాను ఎత్తి వెలుతురుకు పట్టుకుంటే అందులోంచి సాన్ లూకా కనిపించాలని అక్కడి సామెత. నాకు ఆత్రేయపురం గుర్తొచ్చింది. బోర్లించిన కుండ మీద పూతరేకు లాగే ఆడవాళ్లది కూడా ఇదే లెక్క, కళ్లకు అడ్డం పెట్టుకుంటే ఎదుటి మనిషి కనిపించాలి. రెండుచోట్లా ఈ విద్యకు తూకంరాళ్లు లేవు, చూపే కొలత.

అలాంటి ఊరు కొలతలను తీసుకెళ్లి ప్రభుత్వ రికార్డులో పెట్టిందంటే మొదట నవ్వొచ్చింది. స్ఫోల్యాను కాస్త ఆరనిచ్చి, మడిచి, కత్తితో కోస్తే వచ్చే పట్టీలు తాల్యాతెల్లె. 1972లో దీని వెడల్పును బొలోన్యా వాణిజ్య మండలిలో అధికారికంగా నమోదు చేశారు. ఉడికాక 8 మిల్లీమీటర్లు. నమూనాగా బంగారు తాల్యాతెల్లా ఒకటి చేయించి అద్దాల పెట్టెలో దాచారు. ఈ వెడల్పు ఊళ్లోని ఆసినెల్లి బురుజు ఎత్తులో 12,270వ వంతని లెక్క కట్టారు. 97 మీటర్ల బురుజును భాగించి చూశాను, దాదాపు సరిపోయింది. తాల్యాతెల్లె ఒక రాకుమారి బంగారు జుట్టును చూసి పుట్టిందని గైడ్లు చెప్పే కథకు మాత్రం ఇంత పూచీ లేదు. దాన్ని 1931లో మజాని అనే చిత్రకారుడు సరదాగా అల్లాడు.

1974లో తోర్తెల్లీని అనే మడత పాస్తా లోపలి కూరను, 1982లో రగూను కూడా ఇలాగే నమోదు చేశారు. రగూ అంటే ఆ మాంసం కూర. ఎద్దు మాంసం, పంది పొట్టభాగం, ఉల్లి, క్యారట్, సెలెరీ కాడ, వైను, పాలు, అతి కొద్దిగా టమాటా. రెండు మూడు గంటలు సన్నటి సెగ మీద. వెల్లుల్లి వాసనే ఉండదు. రంగు ఇటుకకూ గోధుమకూ మధ్య ఉంటుంది, ఎర్రగా ఉంటే అనుమానించాలి. పెల్లెగ్రీనో ఆర్తూసి 1891లో సొంత డబ్బుతో అచ్చువేసుకున్న ప్రసిద్ధ వంటల పుస్తకంలో బొలోన్యా పద్ధతి మాంసం పాస్తా ఉంది, అందులో టమాటానే లేదు. 2023లో రగూ నమోదును సవరించి టమాటా పెంచారు, పాలు ఇష్టమైతేనే అన్నారు. రాతమూలకంగా ఉన్న వంటకం కూడా మారుతుందన్నమాట. అది చూశాకే నాకు ఆ నమోదుల మీద గౌరవం కలిగింది. మార్చుకోవచ్చు, కానీ నలుగురిలో కూర్చుని, ఏం మారుస్తున్నామో చెప్పి మార్చాలి. ప్రపంచమంతా తమ పేరు పెట్టి ఏదో వడ్డిస్తుంటే ఒక ఊరు ఇంతకంటే ఏం చెయ్యగలదు?

తోర్తెల్లీని దగ్గర మాత్రం ఊరు పంతం మీద ఉంటుంది. రేకును చిన్న చదరాలుగా కోసి, మధ్యలో గోళీకాయలో సగమంత కూర పెట్టి, ముక్కోణంగా మడిచి, చిటికెన వేలికి చుట్టి రెండు కొసలనూ అతికిస్తారు. లోపల పంది మాంసం, పంది తొడతో చేసే ప్రొషూతో, రుబ్బిన పంది మాంసపు మోర్తదెల్లా, పార్మిజానో చీజు, గుడ్డు, జాజికాయ. రేకు ఆరితే అతుక్కోదు, తడిగా ఉంటే జిగటవుతుంది, కాబట్టి కోసింది కోసినట్టు మడవాలి. ఒక కిలోకు వందలకొద్దీ లెక్క. అందుకే క్రిస్మస్ ముందు ఇంటిల్లిపాదీ బల్ల చుట్టూ చేరతారు, సంక్రాంతికి మనవాళ్లు అరిసెల దగ్గర చేరినట్టు. వీటిని బ్రోదోలో, అంటే కోడినీ ఎద్దు మాంసాన్నీ గంటల తరబడి మరిగించిన చారులో తింటారు. కొన్నిచోట్ల మీగడలో వేసి ఇస్తారు. పాతతరం వాళ్ల ముందు ఆ పేరెత్తకండి. నాకైతే మీగడది కూడా నచ్చింది, ఆ మాట బసలో చెప్పలేదు.

ఇక మంచి భోజనం వెతకడం సంగతి. మెనూ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. చేత్తో ఒత్తే రేకుతో రోజుకు పదిహేను రకాలు ఎవరూ చెయ్యలేరు, నాలుగో ఐదో ఉంటే వంటింట్లో మనిషి ఉన్నట్టు. మండు వేసవిలో వేడి వేడి బ్రోదోతో ఊరిస్తుంటే ఆ వంటవాడు కాలాన్ని కాక విదేశీయుడిని చూసి వండుతున్నాడని అర్థం. మధ్యాహ్నం పన్నెండున్నరకు తెరిచి రెండున్నరకు కట్టేసే త్రత్తోరియాలో, అంటే ఇంటితరహా భోజనశాలలో, మెడలో ఆఫీసు కార్డుతో వచ్చినవాళ్లు ఒంటరిగా కూర్చుని తింటుంటే కళ్లు మూసుకుని వెళ్లొచ్చు. సాయంత్రం ఏడున్నరకు ముందు వడ్డిస్తామంటే వెళ్లొద్దు. బిల్లులో 'కొపెర్తో' అని తలకింత కనిపిస్తే మోసం కాదు, బల్లకూ రొట్టెకూ పుచ్చుకునే మామూలు.

శాకాహారులకు బొలోన్యా కష్టమైన ఊరే, దాచడం దేనికి. దానికి 'లా గ్రాస్సా', లావుపాటిది, అని ముద్దుపేరు. మాంసం వద్దంటే చాలదు. చారులో మాంసం ఉంటుంది, వేయించే కొవ్వు పందిది కావచ్చు, పార్మిజానో కోసం పాలు విరిచేది దూడ పొట్టలోని రెన్నెట్‌తో. ఆ చివరిదానితో రాజీపడగలిగితే తోర్తెల్లోని ఉంది. తోర్తెల్లీనికి పెద్దన్న, లోపల రికోత్తా చీజూ పార్స్‌లీ ఆకూ, పైన వెన్నలో వేగిన సేజ్ ఆకు. నా లెక్కలో ఊళ్లో దీన్ని మించింది లేదు, మాంసాహారిగా చెబుతున్నాను. పస్సతెల్లి అని ఇంకొకటి చూసి నవ్వుకున్నాను. రొట్టెపొడి, చీజు, గుడ్డు కలిపి చిల్లుల పనిముట్టులోంచి ఒత్తుతారు. మన జంతికల గొట్టమే! కానీ అది పడేది నూనెలో కాదు, మళ్లీ ఆ మాంసం చారులోనే.

బజారులో కొనేటప్పుడు ఒక మాట నేర్చుకుంటే చాలు: 'ఎత్తో'. వంద గ్రాములు. 'ఉన్ ఎత్తో' అని వేలు చూపిస్తే కొట్టువాడు మిమ్మల్ని ఊరివాళ్లలా చూస్తాడు. పార్మిజానో ఒక ఎత్తో కొనండి. చక్రం 40 కిలోల దాకా తూగుతుంది, దానికి 550 లీటర్ల పాలు పడతాయి, కనీసం ఏడాది మాగాలి. పరీక్షించేవాళ్లు చిన్న సుత్తితో తట్టి చెవి పెట్టి వింటారు, మన కుండలు కొనేవాళ్లలాగే. మోర్తదెల్లా ఒక ఎత్తో. రుబ్బిన పంది మాంసంలో తెల్లటి కొవ్వు ముక్కలు, కాగితం కంటే పలచగా కోసింది. దాన్ని ఎలా చెయ్యాలో 1661లోనే ఒక కార్డినల్ శాసనం వేశాడు.

ఈ పొట్లాలు పట్టుకుని పక్క సందులోని ఒస్తెరియా దెల్ సోలెకు వెళ్లాను. 1465 నుంచీ ఉన్న వైను కొట్టు. అక్కడ తిండి అమ్మరు. వైను వాళ్లది, తినేది మనం తెచ్చుకోవాలి. పొడవాటి బల్లల మీద ఎవరి పొట్లం వాళ్లు విప్పుకుంటారు. నా పక్కన ముసలాయన తన రొట్టెలో సగం తుంచి నా వైపు తోశాడు, నా మోర్తదెల్లా రొట్టె లేకుండా ఉందని చూసి కాబోలు. మాటలు కలవలేదు. అవసరమూ పడలేదు.

ఆఖరి రోజు పొద్దున ఆ అద్దాల కొట్లోకి వెళ్లి రెండు ఎత్తోల తోర్తెల్లోని, లసాన్యా కోసం అమ్మే స్ఫోల్యా ఒక ముక్క కొన్నాను. బసకొచ్చి నీళ్లు మరగబెట్టేలోపు ఆ రేకును రెండు చేతులతో ఎత్తి కిటికీ దగ్గర పట్టుకున్నాను. సాన్ లూకా గుట్ట ఇంటికి అవతలి వైపుంది. నాకు కనిపించింది ఎదురింటి వాళ్లు ఆరేసిన దుప్పట్లు, ఒక ఎర్ర చొక్కా. చొక్కాకు గుండీలు కూడా కనిపించాయి.