నర్సుల సమాలోచన: ఆరు మెట్లు సరిపోతాయా?

డ్యూటీ ముగిశాక నలుగురు నర్సులు కూర్చుని, వార్డులో జరిగిన ఒక సంఘటనను తిరిగి పరిశీలించుకుని పాఠం నేర్చుకునే పద్ధతి ఒకటుంది. ఇందుకు తరచుగా వాడే నమూనాను 1988లో ఇంగ్లండుకు చెందిన గ్రాహం గిబ్స్ ప్రతిపాదించాడు. అందులో ఆరు మెట్లున్నాయి. ఏం జరిగింది? ఏమనిపించింది? ఏది బాగుంది, ఏది బాగాలేదు? ఎందుకలా జరిగింది? ఇంకేం చేసి ఉండవచ్చు? మళ్ళీ జరిగితే ఏం చేయాలి?

ఇది బస్తర్‌లో ఎంతవరకు నిలుస్తుందో చూద్దాం. ఒక సన్నివేశాన్ని ఊహించుకోండి. కుంట ప్రాంతం నుంచి సికిల్ సెల్ వ్యాధి ఉన్న కుర్రవాణ్ణి జగదల్‌పూర్ ఆసుపత్రికి తెచ్చారు. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాలకు అడ్డుపడటం వల్ల ఎముకలలో భరించలేని నొప్పి. పైకి మాత్రం గాయం లేదు. అతనికి దోర్లి, తెలుగు తప్ప రావు. నర్సుకు హిందీయే వచ్చు. "ఊరికే అరుస్తున్నాడు" అనుకుందామె. మందు ఆలస్యమైంది.

ఇక్కడ గిబ్స్ పద్ధతి గొప్పతనం తెలుస్తుంది. తప్పొప్పులు ఎంచకముందే "ఏమనిపించింది?" అని అడుగుతుంది కనుక, ఆ నర్సు తన విసుగును దాచనక్కరలేదు. అసలు కారణాలు భాష, వ్యాధిపై అవగాహన లేకపోవటం అని తేలుతుంది. నవ్వు నుంచి ఏడుపు వరకు ముఖాల బొమ్మలున్న అట్ట చూపి నొప్పిని తెలుసుకోవచ్చన్న ఉపాయమూ దొరుకుతుంది.

అయితే మూడు లోపాలున్నాయి. స్టోరులో మందే లేకపోతే నర్సు ఎంత ఆలోచించి ఏం లాభం? పై అధికారి ఎదురుగా కూర్చుంటే సమాలోచన కాస్తా విచారణ అయిపోదా? ఇక మూడోది విజ్ఞానశాస్త్ర విద్యార్థులుగా మీరు ముఖ్యంగా గమనించవలసింది. "చర్చ మీకు ఉపయోగపడిందా?" అని నర్సులను అడగటం వేరు, నొప్పితో వచ్చిన రోగికి ఎన్ని నిమిషాలలో మందు అందిందో కొలవటం వేరు.

అలా కొలవటం సాధ్యమే. 2005-2008 మధ్య జార్ఖండ్, ఒడిశాలలో ఏక్‌జుట్ సంస్థ గ్రామీణ మహిళల నెలవారీ చర్చా సమావేశాలు నడిపింది. 36 ప్రాంతాలను ఎంచుకుని, సగంలో సమావేశాలు పెట్టి, మిగిలిన సగంతో పోల్చి చూశారు. సమావేశాలు జరిగినచోట మూడేళ్ళలో నవజాత శిశు మరణాలు 32 శాతం తక్కువగా నమోదయ్యాయి. ఆ మహిళలు మాటలతో ఆగలేదు. సమస్యను ఎంచుకున్నారు, పరిష్కారం అమలుచేశారు, ఫలితం సరిచూసుకున్నారు.

వారు నర్సులు కారు, నిజమే. కానీ గిబ్స్ నమూనాకు కావలసిన ఏడో మెట్టు అక్కడుంది: "నిర్ణయించినది జరిగిందా? రోగికి ఏం మారింది?" ఛత్తీస్‌గఢ్‌కు ఇది కొత్తేమీ కాదు. 2002లో మొదలైన మితానిన్ కార్యక్రమం పల్లె స్త్రీలనే ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దింది. ఆ మితానిన్‌లనూ, రోగుల భాష తెలిసినవారినీ నర్సుల సమాలోచనకు పిలవాలి. మందుల లెక్క చూసేవారు కూడా వచ్చి జవాబు చెప్పాలి.

మీ కళాశాలలో ప్రయోగం విఫలమైనప్పుడు ఈ ఏడు ప్రశ్నలూ వేసుకుని చూడండి. ఏడోదానికి జవాబు నోటుపుస్తకంలో అంకెలతో రాయండి.