ఖజానా నింపిందెవరు?

వెనుకబడిన దేశాలు అభివృద్ధికి నిధులు ఎట్లా సమకూర్చుకోవాలి? ఎమ్మే అర్థశాస్త్రంలో తరచూ వచ్చే ప్రశ్న ఇది. పన్నులు, అప్పులు, విదేశీ సహాయం, లోటు బడ్జెట్ అని వరసగా రాస్తే మార్కులు పడతాయి. మేమూ అట్లనే రాసి పాసయ్యాం. ఆ జవాబులో లేనిది ఒక్కటే: ఎవరి దగ్గర వసూలు చేస్తున్నారు?

హాస్టల్లో ఇంకో పాఠం విన్నాం: "మేం కట్టే పన్నులతో మీరు చదువుతున్నారు." నిజమే, మా అమ్మానాన్నలు ఆదాయపు పన్ను కట్టలేదు. కానీ సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా పన్ను ఆ ధరలోనే ఉంది. సారా సంగతి సరేసరి. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో దుకాణాలు వేలం వేసి, పొద్దుగూకేసరికి కూలి డబ్బుల్ని ఖజానాకు మళ్లించారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా బందయింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రాబడి పోతోందని 1997లో దాన్ని సడలించారు. అంటే ఖజానా నింపుతున్నదెవరో ప్రభుత్వమే ఒప్పుకున్నట్టు కదా!

మరి ఉన్నవాళ్ల సంగతి? వ్యవసాయ ఆదాయం మీద కేంద్రం పన్ను వెయ్యదు, అది ఎంత పెద్ద భూస్వామిదైనా సరే. వారసత్వంగా వచ్చే ఆస్తి మీది పన్ను 1985లో పోయింది. సంపద పన్నును 2015 బడ్జెట్‌లో ఎత్తేశారు. పాఠ్యపుస్తకం దీన్ని "పన్నుల సంస్కరణ" అంటుంది.

ఈ ప్రశ్న అంబేద్కర్ ఎప్పుడో వేశాడు. 1927లో బొంబాయి శాసనమండలిలో, ఎకరం ఉన్న రైతుకూ వంద ఎకరాలున్న ఆసామికీ భూమిశిస్తు ఒకే రేటు ఏమిటని నిలదీశాడు. 1947లో 'రాష్ట్రాలు–మైనారిటీలు'లో బీమాను ప్రభుత్వపరం చెయ్యాలన్నాడు. ప్రణాళికకు డబ్బు అక్కడినుంచి వస్తే, ఎక్కువ వడ్డీకి బజార్లో అప్పు తేనక్కర్లేదన్నది ఆయన వాదన. పేదవాడి జేబు కొట్టకుండా నిధులు తెచ్చే దారి అది.

వర్సిటీ అర్థశాస్త్రం ఈ అంబేద్కర్ని చదవదు. సరే, మనం చదువుతున్నామా? సభల్లో కులం మీద ఆయన మాటలు అప్పజెపుతాం, బడ్జెట్ రోజున పేపరు మడిచి పక్కన పెడతాం. మన విమర్శ ఇక్కడ మనకే తగలాలి. సబ్‌ప్లాన్ నిధులు ఎటుపోయాయని అడుగుతున్నాం, మంచిదే. ఆ నిధులు ఎక్కడినుంచి వచ్చాయో కూడా అడగాలి. అప్పుడే హాస్టల్లో విన్న ఆ మాటకు లెక్కతో సహా జవాబు చెప్పగలుగుతాం.