నాబోతు అన్న మాట, రాజు మోసిన మాట

బైబిల్లో రాజుల మొదటి గ్రంథం 21వ అధ్యాయంలో నాబోతు ద్రాక్షతోట కథ ఉంది. పరుల సొమ్ము ఆశించవద్దనే నీతి కోసమే దీన్ని ఎక్కువగా చెబుతారు. ఆ నీతి మంచిదే కానీ చాలదు. మనం ఏ మతం వాళ్లమైనా, కథను అది పుట్టిన సమాజంలో పెట్టి చదివితే అందులో భూమి తగాదా కనబడుతుంది.

అహాబు రాజుకు కోట పక్కనున్న తోట కావాలి, కూరగాయలు పెట్టుకోవడానికి. అంతకన్నా మంచి తోట ఇస్తాను, లేదంటే వెల కట్టిస్తాను అంటాడు. పైకి న్యాయమైన బేరమే. నాబోతు ఒప్పుకోడు. ఇశ్రాయేలీయులకు భూమి తాతలనాటి వాటా, సంతలో సరుకు కాదు. భూమి దేవుడిది, శాశ్వతంగా అమ్మకూడదని లేవీయకాండం 25వ అధ్యాయం చెబుతుంది. ఇది తెలియకపోతే నాబోతు ఉత్త మొండివాడిగా కనిపిస్తాడు.

కథకుడి నేర్పు ఇక్కడుంది. నాబోతు దేవుడి పేరెత్తి, ఇది మా పిత్రార్జితం అంటాడు. రాజు రాణి యెజెబెలుకు చెప్పేటప్పుడు ఆ రెండు మాటలూ మింగేస్తాడు. తోట ఇవ్వనన్నాడని మాత్రమే చెబుతాడు. హక్కు కాస్తా మొండితనమైంది. ఆ తర్వాత రాజముద్ర వేసిన తాకీదులు, ఇద్దరు సాక్షులు, ఊరిపెద్దల తీర్పు. అంతా పద్ధతి ప్రకారమే జరిగినట్టుంటుంది. నాబోతును రాళ్లతో కొట్టి చంపుతారు.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పిల్లలకు ఇది దూరపు కథ కాదు. శ్రీశైలం జలాశయం కింద మన ఊళ్లు మునిగాయి. ఇప్పుడు అమ్రాబాద్ టైగర్ రిజర్వులోని చెంచు పెంటలకు చెప్పే బేరమూ అదే: కుటుంబానికి 15 లక్షలు, లేదా మరోచోట ఇల్లు, భూమి. తేనె తీసే కొండ, గడ్డలు తవ్వే చోటు, పెద్దలను పాతిపెట్టిన నేల ఆ లెక్కలో ఎక్కడున్నాయి?

తేడా కూడా చూడాలి. నాబోతుది గట్టు వేసిన సొంత తోట, మన అడవి ఉమ్మడిది. నాబోతు ఒంటరి. మనకు 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. వన్యప్రాణుల కోసం తరలించాలంటే గ్రామసభ రాతపూర్వక సమ్మతి కావాలని అది చెబుతుంది.

ఏలీయా ప్రవక్త రాజును నిలదీస్తాడు, శపిస్తాడు. తోట మాత్రం నాబోతు ఇంటివాళ్లకు తిరిగొచ్చిందని ఆ అధ్యాయం చెప్పదు. కాబట్టి టీచర్లు నాబోతు మాటనూ రాజు మాటనూ పక్కపక్కన బోర్డు మీద రాయించాలి, ఏది జారిపోయిందో పిల్లలే పట్టుకోవాలి. అది పట్టుకోగలిగినవాళ్లు రేపు గ్రామసభ తీర్మానంలో మన కారణం పూర్తిగా ఎక్కిందో లేదో చదివి, ఆ తర్వాతే సంతకం పెడతారు.