శ్రుతి, స్వరం, సంఘైక్యత: దుమ్ముగూడెం ప్రాంత పరిశీలన

క్రైస్తవ ఐక్యతను బహుస్వర గానంతో పోల్చడం పాశ్చాత్య సంప్రదాయం. వేర్వేరు వరుసలు కలిసి ఒకే గీతమవుతాయి. తెలుగు క్రైస్తవ కీర్తనకు ఈ పోలిక పూర్తిగా ఒప్పదు. రాగతాళబద్ధమైన కీర్తనను సంఘమంతా ఒకే వరుసలో పాడుతుంది. అక్కడ ఐక్యతకు ఆధారం శ్రుతి. 1912లో డోర్నకల్ తొలి బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య దేశీయ ఆరాధనా రీతులనూ సంఘైక్యతనూ కలిపే ఆశించారు. 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘానికి ఆయన కృషి ఒక పునాది. అయితే, 19వ శతాబ్దిలోనే మిషన్ అడుగుపెట్టిన భద్రాచలం చెంత దుమ్ముగూడెంలో ప్రశ్న మారుతుంది. కోయల రేల పాటకు తనదైన భాష, నడక ఉన్నాయి. ఆరాధన తెలుగు కీర్తనకే పరిమితమైతే ఏకస్వరం ఏకభాషగా కుదించుకుపోతుంది. కోయ గొంతు తన వరుసలోనే వినిపించే చోట బహుస్వర రూపకం ఇక్కడా అర్థవంతమవుతుంది.