గాలిని లెక్కలోంచి తీసేసే పెట్టె

మైపాడు తీరంలో మైకు పెడితే గాయకుడికంటే ముందు సముద్రపు గాలి అందుకుంటుంది. వంద హెర్ట్జ్ కింద దాని బలం ఎక్కువ. ఆ మైకుకు పెద్ద శబ్దాన్ని అణిచే మామూలు కంప్రెసర్ తగిలించామా, గాలి విసిరినప్పుడల్లా ‘అబ్బో, శబ్దం పెరిగింది’ అనుకుని గొంతును కూడా నొక్కేస్తుంది. చరణం చివర ఊపిరితో పలికే మాట కాస్తా మాయం. బాలు పాటల్లో అలాంటి మాటలే ప్రాణం, బాలు పాట లేని నెల్లూరు ఆర్కెస్ట్రా ఎక్కడుంది!

అక్కడ సౌండు పెట్టే మిత్రుడొకరు సొంతంగా చేసుకున్న కంప్రెసర్ మూత తీసి చూస్తే ఈ చిక్కుకు జవాబు దొరికింది. లోపలికొచ్చిన శబ్దం రెండు దారులు పడుతుంది. ఒకటి నేరుగా స్పీకర్ల వైపు. రెండోది సైడ్‌చైన్: శబ్దం ఎంత పెద్దదో కొలిచి ఎల్ఈడీని వెలిగిస్తుంది. ఎదురుగా ఎల్‌డీఆర్, అంటే వెలుగును బట్టి మారే రెసిస్టరు. వెలుగు పెరిగితే దాని నిరోధం తగ్గి, శబ్దంలో కొంత గ్రౌండుకు జారిపోతుంది. రెండింటికీ కలిపి నల్ల స్లీవు తొడిగాడు, బయటి వెలుతురు చొరబడకుండా.

పనితనమంతా ఆ రెండో దారిలో ఉంది. శబ్దాన్ని కొలిచే రెక్టిఫయర్‌కు ముందు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు, 15 కిలోఓముల రెసిస్టరు. అంతే. లెక్క కడితే ఈ ఫిల్టరు కోత మొదలయ్యే హద్దు 106 హెర్ట్జ్ వస్తుంది. 60 హెర్ట్జ్ దగ్గరి గాలి ఊపు కొలిచేచోట సగానికి సగం చిన్నదైపోతుంది, గొంతు మాత్రం దాదాపు ఉన్నదున్నట్టు అందుతుంది. రెక్టిఫయర్ దాటాక ఇదే పెడితే లాభం లేదు, అక్కడ ఏది గాలో ఏది గొంతో తేడా చెరిగిపోతుంది. పాట వెళ్లే దారిలో ఈ కెపాసిటరు లేదు కాబట్టి గొంతు గుణం మారదు.

నాకు ముచ్చటేసింది ఇంకోటి. రెక్టిఫయర్ ముఖాన 10 కిలోఓముల రెసిస్టరుంది. ఫిల్టరును నేరుగా దానికి కలిపితే 15, 10 సమాంతరమై 6 అవుతాయి, 106 కాస్తా 265కు ఎగబాకుతుంది. అప్పుడు గొంతు అడుగు భాగం కూడా లెక్కలోంచి పోతుంది. అలా కాకుండా టీఎల్072 చిప్పులో ఖాళీగా మిగిలిన రెండో సగాన్ని మధ్యలో బఫరుగా నిలబెట్టాడు. చాలామంది ఆ సగాన్ని వాడకుండా వదిలేస్తారు.

ఈ ఆలోచనకు పెద్ద వంశమే ఉంది. 1960లలో కాలిఫోర్నియాలో జిమ్ లారెన్స్ చేసిన టెలెట్రానిక్స్ ఎల్ఏ-2ఏ కూడా వెలుగుతోనే శబ్దాన్ని అదుపు చేసేది. దాని సైడ్‌చైన్‌లోని ఆర్37 అనే చిన్న పాట్ మరో కొస పని చూసేది: ఎఫ్ఎం ప్రసారంలో హెచ్చు స్వరాలను పెంచి పంపుతారు గనుక, పెట్టె వాటినే ఎక్కువగా పట్టించుకునేట్టు చేసేది. ‘స’, ‘శ’లు ఈలేసినట్టు వినిపించే గొంతులకు ఇప్పటికీ ఇదే సూత్రం.

మళ్లీ మిత్రుడి పెట్టెకొస్తే, ఉప్పుగాలికి రాగి చిలుం పడుతుందని బోర్డు అడుగున వార్నిష్ పూశాడు. ముందు పలక మీద ఒక్క పేరూ రాయలేదు, అదొక్కటే నాకు నచ్చలేదు.

గాలి హోరు దీనితో పోదు. దాన్ని కోయడానికి మిక్సర్లో లోకట్ నొక్కాల్సిందే. డ్రమ్ముల్ని కూడా ఈ పెట్టెకే కలిపితే కిక్ దెబ్బ అదుపు తప్పి యాంప్లిఫయర్ గరగరలాడుతుంది. అందుకే గొంతు మైకుకు తప్ప దీన్ని వాడడు, ఫిల్టరును పక్కకు తప్పించే స్విచ్ వేరే పెట్టుకున్నాడు.