శ్రీశ్రీ ‘బాటసారి’: మాంద్యకాలపు పట్టణవలస, వాక్యనిర్మాణం – ఒక పరిశీలన

కీలకపదాలు: శ్రీశ్రీ, మహాప్రస్థానం, ఆర్థికమాంద్యం, వలస, అసమాపకక్రియ, చతుర్థీ విభక్తి.

1. ఉపోద్ఘాతం

శ్రీశ్రీ 1933-40 మధ్య రచించిన కవితలు 1950లో ‘మహాప్రస్థానం’ సంపుటిగా వెలువడ్డాయి. అందులోని ‘బాటసారి’ ఇతివృత్తం చిన్నది. ఒక పల్లెవాసి తల్లి మాట వినక, బతుకుతెరువు కోసం పట్టణానికి బయలుదేరతాడు. మూడు రోజులు నడిచినా దిక్కు తెలియక, జ్వరంతో, గాలివానలో మరణిస్తాడు. ఇంతమాత్రమే గ్రహిస్తే ఈ కవిత తల్లి మాట కాదన్నవానికి కలిగిన ఫలితంగానో, కరుణరసాత్మకమైన దుర్ఘటనగానో అర్థమవుతుంది. రచనాకాలం, వాక్యనిర్మాణం ఈ రెండు అన్వయాలనూ అంగీకరించవు.

2. మాంద్యకాలపు బాట

1929లో మొదలైన మహామాంద్యం మద్రాసు రాష్ట్రంలో పంటల ధరలను కూలదోసింది. శిస్తు, అప్పులు మాత్రం ధరలతోపాటు తగ్గలేదు. రైతు చేతిలో నగదు లేనప్పుడు కూలీకి పని దొరకదు. పట్టణం వైపు నడవడం ఇక్కడ ఆశ కాదు, గత్యంతరం లేకపోవడం.

అదే కాలంలో నగరం కూడా తలుపులు మూసుకుంది. ఉత్తరాంధ్ర కూలీలకు చిరకాలంగా ఉపాధి కల్పించిన రంగూనులో 1930 మే నెలలో తెలుగు రేవుకూలీలు సమ్మె చేయగా, వారి స్థానంలో బర్మీయులను నియమించారు. సమ్మె ముగిశాక బర్మీయులను తొలగించడంతో అల్లర్లు చెలరేగాయి. కవితలోని పట్టణం రంగూను అనడానికి ఆధారం లేదు, దానికి పేరే లేదు. కానీ ఊరు బతకనివ్వని, నగరం చేర్చుకోని కాలం అది. కవితలో పట్టణం ఒక్కసారైనా కనిపించకపోవడం ఈ నేపథ్యంలోనే సార్థకమవుతుంది.

3. కర్త కాలేని మనిషి

ఈ కవితలో బాటసారి ఎక్కడా కర్తగా నిలవడు. ప్రధానవాక్యాల్లో అతడు చతుర్థీ విభక్తిలోనే కనిపిస్తాడు. కష్టం అతనికి కలుగుతుంది. అతని నడక, దిగులు, ప్రలాపం అన్నీ శత్రర్థక, చేదర్థకాది అసమాపకక్రియలుగా పేరుకుపోతాయే తప్ప ఒక్క సమాపకక్రియా అతనికి దక్కదు. ముత్యాలసరాన్ని తలపించే మిశ్రగతి ఆ నడకను ఆగనివ్వదు, వాక్యం దానిని ముగియనివ్వదు.

అతని బతుకు ముగిసిన తరువాతనే సమాపకక్రియలు వరుసకడతాయి. అవి గుడ్లగూబవి, మెరుపువి, కోడివి, వేగుచుక్కవి, చలిగాలివి. చివరిది పల్లెలో కలత చెందిన తల్లి పేగుది. కర్తృత్వం ప్రకృతికీ, మాతృత్వానికీ దక్కి, శ్రమ చేయబోయినవానికి దక్కకపోవడమే కవితలోని విషాదం.

ఇక్కడ ఒక ఆక్షేపణకు తావుంది. వాన, వరద, జ్వరం మృత్యుకారణాలైతే, ఆర్థికకారణం మరుగున పడలేదా? అదే సంపుటిలోని ‘భిక్షువర్షీయసి’లో దిక్కులేని ముసలవ్వ మరణిస్తే ఆ పాపం ఎవరిదన్న ప్రశ్న బాహాటంగానే వినిపిస్తుంది. ‘బాటసారి’లో అటువంటి ప్రశ్న లేదు, కారణం కూడు, కూలి అనే రెండు మాటలతో ఆరంభంలోనే ముగుస్తుంది. ఇది కవితకు ఒక పరిమితి. అయితే ఆ రెండు మాటలు తల్లి హెచ్చరిక కంటే ముందే వస్తాయి. పాఠకుడు అవిధేయతను గమనించేలోపే ఆకలిని వింటాడు. తల్లి భయం నిజమైంది గాని, ఊళ్లో ఉండిపోతే తిండి దొరికేదన్న హామీని కవిత ఎక్కడా ఇవ్వదు.

4. ముగింపు

‘బాటసారి’ని దారితప్పినవాని కథగా బోధించడం ఆ మరణానికి అతనినే బాధ్యుణ్ణి చేయడమవుతుంది. కవి వాక్యం ఆ బాధ్యతను అతనికి అంటగట్టలేదు. మాంద్యకాలపు వలసలో నిర్ణయం మనిషిదిగా కనిపించినా, దాని వెనుక అతనికి ఎంపిక లేదని చతుర్థీ విభక్తి నిరూపిస్తుంది. వలససాహిత్య పరిశోధనలో ఇతివృత్తంతోపాటు కారకసంబంధాలనూ పరిశీలించవలసిన అవసరాన్ని ఈ కవిత స్పష్టం చేస్తుంది.